పెట్టిన మంట, పుట్టిన మంట: పొగ లెక్క ఎక్కడ తేడా పడుతుంది?

మండపేట దగ్గరి పల్లె నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు అడిగిన ప్రశ్న ఇది. వారికి ఇరవై ఏళ్లుగా ఉబ్బసం ఉంది. కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఉంటున్న కుమార్తె ఇంటికి వెళ్లి కొన్నాళ్లు ఉండి రావాలనుకుంటున్నారు. అక్కడ ఏటా కార్చిచ్చులు రేగుతాయని, వాటి ఉద్ధృతి తగ్గించడానికి అటవీ సిబ్బందే ముందుగా అడవికి నిప్పు పెడతారని, దానిని నియంత్రిత దహనం అంటారని కుమార్తె చెప్పిందట. “ఎవరు అంటించినా పొగ పొగే కదా, పెట్టిన మంట పొగ మంచిదనీ పుట్టిన మంట పొగ చెడ్డదనీ ఎలా అంటారు? అలాగైతే మా ఊళ్లో కోతలయ్యాక గడ్డి తగలబెట్టడం కూడా పెట్టిన మంటే కదా?” అని వారి సందేహం.

మాస్టారూ, పొగ పొగే అన్న మీ మాట చాలా వరకు నిజం. నేను కోనసీమలోనూ కాకినాడలోనూ మూడు దశాబ్దాలకు పైగా ఊపిరితిత్తుల వైద్యం చేసి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నాను. మా అబ్బాయి కూడా మీ అమ్మాయి ఉన్న వైపే ఉండడంతో ఆ రెండు రకాల పొగనూ నా ముక్కుతోనే పీల్చి చూశాను. నాకు అర్థమైనంతవరకు తేడా పొగలో తక్కువ. ఎంత కాలింది, ఏ రోజున కాలింది, ఎన్నాళ్లు కాలింది, ముందుగా ఎవరికి చెప్పారు అన్నవాటిలో ఎక్కువ. మీ ఊరి గడ్డి మంట సంగతి కూడా ఆ కొలబద్దతోనే తేలుతుంది కనుక దానిని చివరకు అట్టేపెడతాను.

ముందు సరుకు సంగతి. పొగలో మన కంటికి కనిపించే బూడిద నలక పెద్దగా హాని చేయదు. అది ముక్కులోనో గొంతులోనో చిక్కుకుని చీదితేనో ఖాండ్రిస్తేనో బయటపడుతుంది. హాని చేసేది కనిపించనిది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటే, పొగలోని రేణువుల్లో అత్యధిక భాగం ఒక మైక్రాను కంటే చిన్నవి. 2.5 మైక్రాన్లకు లోపున్నవాటినన్నిటినీ కలిపి పీఎం 2.5 అంటారు. ఇవి శ్వాసనాళాల చివరనున్న గాలి గదుల దాకా వెళ్లి అక్కడ వాపు పుట్టిస్తాయి. ఆ వాపు వల్ల విడుదలయ్యే రసాయనాలు రక్తంలో కలిసి రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి కనుకనే, పొగ పట్టిన రోజుల్లో ఆయాసంతో వచ్చేవారితో పాటు గుండెపోటుతో, పక్షవాతంతో ఆసుపత్రికి వచ్చేవారి సంఖ్య కూడా పెరుగుతుంది. రేణువులు కాక కార్బన్ మోనాక్సైడు, కళ్లు మండించే అక్రోలీన్, ఫార్మాల్డిహైడు, బెంజీన్ వంటివి ఉంటాయి. ఇవన్నీ మన పెరటి పొయ్యిలో కొబ్బరి మట్ట కాలినా వస్తాయి, కాలిఫోర్నియాలోని సియెర్రా కొండల్లో పైన్ చెట్టు కాలినా వస్తాయి. పాళ్లు మారతాయి గాని సరుకు మారదు.

పాళ్లు ఎందుకు మారతాయో కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి ఒకరు చెప్పనక్కరలేదు. మంట అందుకుంటే పొగ తగ్గుతుంది, మంట లేకుండా రాజుకుంటూ ఉంటే పొగ కమ్మేస్తుంది. అడవిలోనూ అంతే. వర్షాలు లేక నేల లోపలి దాకా ఎండిపోయిన ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కార్చిచ్చు రేగితే పైన పడి ఉన్న ఆకు, పుల్ల మాత్రమే కాలి ఊరుకోదు. ఏళ్ల తరబడి పేరుకుని కుళ్లిన ఆకుల మెత్తటి పొర, పడిపోయిన మానులు, మొద్దుల వేళ్లు అన్నీ అంటుకుని, మంట ముందుకు వెళ్లిపోయిన తరువాత కూడా వారాల తరబడి రాజుకుంటూనే ఉంటాయి. నియంత్రిత దహనాన్ని నేల లోపల ఇంకా చెమ్మ ఉన్నప్పుడు పెడతారు కనుక పైపొర మాత్రమే కాలుతుంది, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు ఆరిపోతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. చెమ్మగా ఉన్న ఆకు కిలో కాలితే వచ్చే పొగ, ఎండుటాకు కిలో కాలితే వచ్చే పొగ కంటే తక్కువేమీ కాదు, కొన్నిసార్లు ఎక్కువే. కిలో లెక్కన చూస్తే పెట్టిన మంటకు గొప్ప ఏమీ లేదు. ఎకరానికి ఎన్ని కిలోలు కాలాయి, మొత్తం ఎన్ని ఎకరాలు కాలాయి అన్న చోటనే లాభం ఉంది. “నియంత్రిత దహనం పొగ శుభ్రమైనది” అని ఎవరైనా అంటే ఈ సంగతి వారు మరచిపోయారన్నమాట.

అంత సరుకు అక్కడ ఎందుకు పేరుకుందో కూడా చెప్పాలి. కరూక్, యూరోక్ వంటి స్థానిక తెగలు తరతరాలుగా చిన్న చిన్న మంటలతో ఆ అడవులను తేలికగా ఉంచుతూ వచ్చాయి. తరువాత వచ్చిన ప్రభుత్వం దానిని నిషేధించి, ప్రతి మంటనూ ఆర్పడమే ధర్మంగా పెట్టుకుంది. 1935 నాటికి అక్కడి అటవీ శాఖ నియమం ఏమిటంటే, ఏ మంట కనిపించినా మర్నాడు ఉదయం 10 గంటలలోగా అదుపులోకి తేవాలి. దశాబ్దాల పాటు అలా ఆర్పగా ఆర్పగా మిగిలిన కట్టె అంతా ఇప్పుడు వడ్డీతో సహా కాలుతోంది. 2020లో ఒక్క కాలిఫోర్నియాలోనే 40 లక్షల ఎకరాలకు పైగా కాలింది; ఆ ఏడు సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పగటిపూట ఆకాశం నారింజ రంగుకు తిరిగి వీధి దీపాలు వెలిగించుకోవలసి వచ్చింది.

ఒక వసంత కాలంలో మా అబ్బాయి నన్ను కొండ దారిలో తీసుకువెళుతుండగా నియంత్రిత దహనం జరుగుతున్న చోట రోడ్డు పక్కన కారు ఆపించి గంటసేపు చూశాను. నేను మంట కోసం చూస్తుంటే అక్కడివారు గాలి కోసం చూస్తున్నారు. ఒకాయన చిన్న గొలుసుకు కట్టిన జంట ఉష్ణమాపకాన్ని గిరగిరా తిప్పి, గాలిలో తేమ ఎంతుందో చదివి, చీటీ మీద రాసుకుని, కాసేపటికి మళ్లీ తిప్పుతున్నాడు. ముందుగా ఒక చాప పరచినంత మేర మాత్రం అంటించి, పొగ ఎటు లేస్తోందో, ఎంత ఎత్తుకు పోతోందో అందరూ తలలెత్తి చూశారు. అది నిటారుగా లేచి పైన ఉత్తరానికి తిరిగాక, పసుపు చొక్కాలవాళ్లు డీజిలూ పెట్రోలూ కలిపిన నూనెను బొట్లు బొట్లుగా కార్చే డబ్బాలు పట్టుకుని వాలు పైనుంచి కిందికి వరుసలు గీసినట్టు అంటించుకుంటూ దిగారు. మంట పైకి ఎగబాకుతుంది కాబట్టి పై వరుస ముందు కాలి ఉంటే కింది వరుస దానిని దాటిపోలేదు. మంట ఎత్తు నా మోకాలికి మించలేదు. దారి మొదట్లోనే “పొగ చూసి కంగారు పడవద్దు, ఇది మేము పెట్టిన మంట” అనే అర్థం వచ్చే బోర్డు కూడా పెట్టారు. ఆ రాష్ట్రంలో ఏ రోజున మంట పెట్టవచ్చు, ఏ రోజున పెట్టకూడదు అనేది వాయు నాణ్యత అధికారులు ప్రాంతాల వారీగా ప్రకటిస్తారు. పొగ కిందనే ఉండిపోతుందనుకున్న రోజున అనుమతి ఉండదు.

ఇక ఆరోగ్యం మీద తేడాను కొలిచారా అంటే, కొలిచారు గాని కావలసినంత కొలవలేదు. 2015 జులై 31న పిడుగు వల్ల మొదలైన రఫ్ ఫైర్ అనే కార్చిచ్చు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరానికి తూర్పున కొండల్లో 1.5 లక్షల ఎకరాలు కాల్చింది. దాని పొగనూ, నియంత్రిత దహనం పొగనూ పీల్చిన ఫ్రెస్నో పిల్లలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పోల్చి 2019లో ప్రకటించారు. రోగనిరోధక వ్యవస్థకు పగ్గం వేసే కణాల మీద కార్చిచ్చు పొగ ప్రభావం ఎక్కువగా కనిపించింది. అయితే పరీక్షించిన పిల్లల సంఖ్య తక్కువ. పైగా కార్చిచ్చు రోజుల్లో గాలిలో రేణువులే ఎక్కువ ఉన్నాయి. కాబట్టి దీనివల్ల నాకు తేలేది కార్చిచ్చు పొగ జాతి వేరు అని కాదు, మోతాదు వేరు అని. 2021లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇదే రఫ్ ఫైర్‌నూ, ఓరెగాన్‌లోని మరో కార్చిచ్చునూ తీసుకుని, నియంత్రిత దహనాలతో నమూనా లెక్కలు కట్టి పోల్చింది. పొగ వ్యాపించే మేర, దానివల్ల ఆసుపత్రుల పాలయ్యేవారి అంచనా, రెండూ నియంత్రిత దహనంలో చాలా తక్కువగా తేలాయి.

కార్చిచ్చు రేణువులు మామూలు వాహనాల, కర్మాగారాల రేణువుల కంటే ఎక్కువ హాని చేస్తాయా అన్నది వేరే ప్రశ్న. దక్షిణ కాలిఫోర్నియాలో 1999 నుంచి 2012 వరకు ఆసుపత్రుల చేరికలను పరిశీలించి 2021లో ప్రకటించిన అధ్యయనంలో, పీఎం 2.5 ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే శ్వాస సంబంధమైన చేరికలు ఇతర కారణాల కాలుష్యంలో 0.67 నుంచి 1.3 శాతం పెరగగా, కార్చిచ్చు పొగలో 1.3 నుంచి 10 శాతం దాకా పెరిగాయని తేలింది. ఇందుకు ఒక కారణం ఇది కావచ్చు: కార్చిచ్చు ఊళ్ల మీద పడినప్పుడు చెట్లు మాత్రమే కాలవు. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు కాలిపోయి 85 మంది చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఇళ్ల రంగులు, తీగలు, గొట్టాలు, కార్లు అన్నీ కాలినందున ఆ పొగలో సీసం, జింకు అసాధారణంగా పెరిగాయని ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి తరువాత తేల్చింది. మాటవరసకు చెబుతున్నాను, భోగి నాడు తెల్లవారుజామున పాత మంచపు కోళ్లు, తాటాకులు వేసినంతవరకు అది భోగిమంట; పిల్లలు పోటీపడి స్కూటరు టైరు తెచ్చి వేశాక అది వేరే మంట. సంక్రాంతి రోజుల్లో నా దగ్గరకు వచ్చిన దగ్గులు కొన్నిటికి ఆ టైరే కారణమని నా నమ్మకం.

ఇంతవరకు చెప్పినది వింటే నియంత్రిత దహనానికి నేను వకాల్తా పుచ్చుకున్నట్టు ఉంటుంది. రెండో వైపు కూడా చూడండి. 2016 మే నెలలో సిడ్నీ నగరం చుట్టూ ముందుజాగ్రత్తగా పెట్టిన మంటల పొగ నగరంలోకి దిగింది. అలా పొగ పట్టిన ఆరు రోజుల్లో 14 అకాల మరణాలు సంభవించి ఉంటాయని అక్కడి పరిశోధకులు అంచనా వేశారు. ఆ మంటలూ అనుమతితో పెట్టినవే. గాలి కదలక పొగ నగరం మీదనే ఉండిపోయింది. అదే ఆస్ట్రేలియాలో 2019-20 వేసవి కార్చిచ్చుల పొగ వల్ల 417 మంది అదనంగా చనిపోయి ఉంటారని మరో అంచనా. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, 14 చిన్నది కాబట్టి లాభమే అనడం తేలిక. కానీ పెట్టిన ప్రతి మంటా ఒక కార్చిచ్చును ఆపుతుందన్న హామీ లేదు. కాల్చి ఉంచిన మేరకు ఆ కొద్ది ఏళ్లలో కార్చిచ్చు రావచ్చు, రాకపోనూ వచ్చు. కొన్నేళ్లకు మళ్లీ ఆకు పేరుకుంటుంది, మళ్లీ కాల్చాలి. అంటే పెద్ద పొగ రావచ్చునేమోనన్న భయానికి బదులుగా చిన్న పొగను ఖాయంగా ఒప్పుకుంటున్నాం. ఫ్లోరిడా, జార్జియా వంటి ఆగ్నేయ రాష్ట్రాల్లో ఏటా లక్షల ఎకరాలు ఇలా కాలుస్తారు కనుక, అక్కడి గాలిలో ఏడాది మొత్తం మీద పొగ వాటాలో పెట్టిన మంటలదే పెద్ద పాలు. ఆ పక్కనే కాపురముండే ఉబ్బసం రోగికి ఈ బేరం న్యాయంగా తోచకపోవచ్చు.

పెట్టిన మంట చేయి దాటడం అరుదు, దాటితే మాత్రం చిన్న సంగతి కాదు. 2022లో న్యూ మెక్సికోలో అటవీ శాఖ పెట్టిన మంటలే రెండు చోట్ల తప్పించుకుని, తరువాత కలిసిపోయి 3.41 లక్షల ఎకరాలు కాల్చాయి. అది ఆ రాష్ట్ర చరిత్రలోనే పెద్ద కార్చిచ్చు. దాని తరువాత దేశమంతటా ప్రభుత్వ అడవుల్లో 90 రోజుల పాటు నియంత్రిత దహనాలు నిలిపివేశారు. మంట పక్కన నిలబడే కూలీల ఊపిరితిత్తుల సంగతి ఈ చర్చల్లో ఎవరూ ఎత్తరు. వారు రెండు రకాల మంటల్లోనూ మన కంటే ఎన్నో రెట్లు పొగ పీలుస్తారు.

ఇప్పుడు మన గోదావరి దగ్గరకు వద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి పూట దేవీపట్నం వైపు వెళ్లినవారు పాపికొండల వాలు మీద ఎర్రటి దండలు వేలాడినట్టు మంటలు చూసే ఉంటారు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చడం, బీడీ ఆకు చిగురు కోసం కాల్చడం, పోడు కోసం కాల్చడం, ఎవరో పారేసిన చుట్ట, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఇవి పేరుకు కార్చిచ్చులే అయినా, ఆకు రాల్చే అడవి కనుక కాలేది ఎక్కువగా నేల మీది ఎండుటాకే; కాలిఫోర్నియాలో లాగా చెట్ల తలలు అంటుకుని పరుగెత్తే మంటలు మనకు బహు తక్కువ. మన కార్చిచ్చు కాల్చే సరుకు దాదాపు వారి నియంత్రిత దహనం కాల్చే సరుకే. అయినా దానిని నియంత్రిత దహనం అనలేం, ఎందుకంటే గాలి చూసినవాడు, చీటీ రాసినవాడు, బోర్డు పెట్టినవాడు అక్కడ ఎవరూ లేరు. వేసవి రాకముందే అటవీ శాఖ వారు హద్దుల వెంబడి బారులు తీసి ఆకు ఊడ్చి కాల్చే పని ఒక్కటే ఆ మాటకు తగినది.

డెల్టాలో అలా కాలే అడవి లేదు. కోరింగ మడ అడవి బురదలో నిలబడి ఉంటుంది, దానికి ఆ భయం లేదు. మన ఊళ్ల మీదికి వచ్చే పొగ గడ్డి పొగ. కోత మిషన్లు వచ్చాక గడ్డి తునకలై చేలో చెల్లాచెదురుగా పడుతోంది, దుబ్బులు జానెడు ఎత్తున మిగిలిపోతున్నాయి, ఇంటికో పాడి లేదు, గడ్డిమేటు వేసే ఓపిక లేదు. అగ్గిపుల్ల గీస్తే అరగంటలో చేను శుభ్రం. ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరాకు 2 టన్నుల గడ్డి కాలిందనుకోండి. కిలో గడ్డికి ఏడెనిమిది గ్రాముల సన్నటి రేణువులు వస్తాయనుకుంటే, ఇది మధ్యస్థమైన అంచనాయే, ఎకరం గడ్డికి దాదాపు 15 కిలోలు. ఆ 15 కిలోలూ ఒక చదరపు కిలోమీటరు మేర, 100 మీటర్ల ఎత్తు వరకు గాలిలో సమంగా కలిస్తే ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాములు. మన దేశపు ప్రమాణం రోజుకు 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. అదే పొగ మధ్యాహ్నం ఎండకు 1500 మీటర్ల ఎత్తు వరకు కలిసిపోతే 150 కాస్తా 10 అవుతుంది. చేను అదే, గడ్డి అదే, అగ్గిపుల్ల అదే, మారింది గడియారం.

డిసెంబరు సాయంత్రాల్లో నేల చల్లబడగానే మన మీద వెచ్చటి గాలి మూత వేసినట్టు నిలుస్తుంది. కింది చల్లగాలి పైకి పోదు, అందులో మంచు పడుతుంది, ఆ మంచులో పొగ ఇరుక్కుంటుంది. చాలా ఏళ్ల కిందట అలాంటి ఒక రాత్రి మూడు గంటలకు రావులపాలెం వైపు నుంచి ఒకామెను ఆటోలో తీసుకువచ్చారు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, మెడ నరాలు తాళ్లలా లేచి, మాట రాక వేళ్లతో సైగ చేస్తోంది. ఛాతీలో పిల్లికూతలు స్టెతస్కోపు పెట్టకుండానే వినిపిస్తున్నాయి. ఆమె దుప్పటి నిండా గడ్డి పొగ వాసన. రెండు ఫర్లాంగుల అవతల నాలుగెకరాలు సాయంత్రం ఆరింటికి అంటించారట. “మంట ఏడింటికే ఆరిపోయిందండి డాక్టరుగారూ, మాకు దానితో ఏం సంబంధం?” అన్నాడు భర్త. మంట ఆరింది గాని పొగ ఎక్కడికీ పోలేదు, వాళ్ల చూరు కిందనే కూర్చుంది. ఆక్సిజను పెట్టి, నెబ్యులైజరు మీద నెబ్యులైజరు ఇచ్చి, సూది మందు వేశాక తెల్లవారేసరికి రెండు మాటలు కలిపి మాట్లాడగలిగింది. మంట పెట్టిన రైతు ఆమెకు వరసకు మరిది. మధ్యాహ్నం కూలీలు దొరకక సాయంత్రం పెట్టాడు తప్ప, అతనికి వదినగారి మీద కోపమేమీ లేదు.

కాబట్టి మాస్టారూ, మీ రెండో ప్రశ్నకు నా జవాబు: మన గడ్డి మంట పెట్టిన మంటే గాని నియంత్రిత దహనం కాదు. ఇందులో మీకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. మీ అమ్మాయి ఉంటున్న శాక్రమెంటో లోయ కూడా వరి చేల ప్రాంతమే. అక్కడా ఒకప్పుడు గడ్డిని ఇష్టం వచ్చినట్టు కాల్చేవారు, నగరంలో జనం దగ్గేవారు. 1991లో చట్టం చేసి పదేళ్ల వ్యవధిలో దశలవారీగా తగ్గించారు. ఇప్పుడు పైరుకు తెగులు సోకినట్టు తేలితేనే, పరిమితమైన ఎకరాలలో, అధికారులు సరేనన్న రోజునే కాల్చాలి. మిగిలిన చేలలో కోత తరువాత నీరు పెట్టి శీతాకాలమంతా గడ్డిని కుళ్లబెడుతున్నారు. ఆ నీటి మీదికి లక్షల బాతులు వలస వచ్చి వాలుతున్నాయి. “మనమూ అలా చేయవచ్చు కదా” అని వెంటనే అనకండి. వారిది ఏడాదికి ఒకటే పంట. మనకు సార్వా కోసిన డిసెంబరులో కాలువలో నీరుంటుంది గాని దాళ్వా నాట్లకు వ్యవధి ఉండదు; దాళ్వా కోశాక మే నెలలో వ్యవధి ఉంటుంది గాని కాలువలు కట్టేసి ఉంటారు. గడ్డిని కట్టలు కట్టే యంత్రాలు వచ్చిన ఊళ్లలో పరిస్థితి కొంత మెరుగు, ధర గిట్టితే రైతు కాల్చడు. కాల్చక తప్పదనుకున్న చోట, ఊరంతా ఒకే సాయంత్రం కాకుండా, ఎండ బాగా ఎక్కాక, గాలి ఊరి వైపు లేనప్పుడు, వంతుల వారీగా, ముందు రోజు ఆయాసం ఉన్న ఇళ్లకు చెప్పి పెడితే, పొగ సరుకు తగ్గకపోయినా ఆసుపత్రికి వచ్చే ఆటోలు తగ్గుతాయి. అందుకు చట్టం కూడా అక్కరలేదు, నీటి సంఘం వంతులు వేసుకున్న ఊరికి ఇది ఒక లెక్క కాదు.

ఇక మీ ప్రయాణం. ఆ ప్రాంతంలో కార్చిచ్చులు ముఖ్యంగా జులై నుంచి అక్టోబరు దాకా, కొన్నేళ్లు నవంబరు దాకా ఉంటాయి. నియంత్రిత దహనాలు వసంతంలోనూ, తొలివానలు పడ్డాక శరదృతువు చివరనూ పెడతారు. మీరు ఫిబ్రవరిలో వెళ్లి జూన్ చివరకు తిరిగి వచ్చేస్తే పెద్ద పొగను తప్పించుకోవచ్చు. మధ్యలో ఎక్కడైనా కొండ మీద మంట పెట్టినా మీ దాకా వచ్చేది సాధారణంగా ఒకటి రెండు రోజుల పలచటి పొగ. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ గడ్డి పుప్పొడి, ఆలివ్ పుప్పొడి విపరీతంగా రేగుతాయి, అది వేరే బాధ. ముక్కు కారడం మొదలైతే పొగను నిందించకండి.

ఫోనులో గాలి నాణ్యత చూసుకునేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. పీఎం 2.5 సరిగ్గా 60 ఉంటే మన దేశపు సూచీ 100 చూపి సంతృప్తికరం అంటుంది. అదే 60కి అమెరికా సూచీ 150 దాటి ఎర్ర రంగు వేసి అనారోగ్యకరం అంటుంది. గాలి ఒకటే, పట్టిక వేరు. అందువల్ల రంగును కాక మైక్రోగ్రాముల అంకెను చూడండి. అది 35 దాటిన రోజున మీరు నడక మానేసి ఇంట్లోనే ఉండడం మంచిది. మీ అమ్మాయి ఇంట్లో గాలిని వడకట్టే యంత్రం ఉంటే పడక గది ఒక్కటి మూసుకుని అది వేసుకుంటే చాలు. కండువా తడిపి ముక్కుకు కట్టుకోవడం మన అలవాటు. ఒక మైక్రాను రేణువుకు ఆ నేతలో సందులు సింహద్వారాలు. ఎన్ 95 మాస్కు ముఖానికి అంచులన్నీ అంటుకునేలా పెట్టుకుంటే పని చేస్తుంది, గడ్డం ఉంటే అంటుకోదు. మీ ఇంట్లో దోమల కాయిలు వెలిగించే అలవాటు ఉంటే దానిని ఇవాళే మానేయండి. ఒక కాయిలు పూర్తిగా కాలితే వెలువడే సన్నటి రేణువులు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో కొలిచి చూపారు. మూసిన గదిలో దానిని పెట్టుకుని అమెరికా పొగ గురించి దిగులు పడడంలో అర్థం లేదు.

చివరగా పంపుల సంగతి. ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే పంపు ఒకటి, రాకుండా రోజూ వాడవలసిన పంపు ఒకటి. బాగానే ఉంది కదా అని రెండోదానిని మానేసినవారే పొగ రోజున నా దగ్గరకు ముందుగా వచ్చేవారు. ఆ మందు పూర్తిగా పట్టుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ప్రయాణానికి కనీసం నెల ముందు నుంచి ఒక్క రోజు కూడా తప్పకుండా వాడండి. ఉన్నన్ని నెలలకూ సరిపడా మందులు, డాక్టరు చీటీతో సహా ఇక్కడి నుంచే తీసుకువెళ్లండి. ఆయాసం పంపును మాత్రం పెద్ద పెట్టెలో పెట్టి లోపలికి పంపేయకుండా చొక్కా జేబులో ఉంచుకోండి. విమానంలో పై అరలో పెట్టిన సంచి కూడా అవసరానికి దూరమే.